మందు లేని తూటా

ఆ మీట లాగకు నాయనా, వేలు నలుగుతుంది. మా అన్నయ్య ఆర్విల్‌ది అది. దాంతోనే తూటాలు కట్టేవాడు. ఏం, తూటాలు కొట్లో దొరకవా అంటావు, దొరుకుతాయి. ఓలెటా తుపాకీకి మాత్రం దొరికేవి కావు. ఓలెటా అంటే నది పక్కన పుచ్చతోట ఆవిడ, అప్పటికే మొగుడు పోయాడు. ఆయన తాతలనాటి తుపాకీ ఒకటి మిగిలింది, ఆ రకం తూటాలు చెయ్యడం ఎప్పుడో మానేశారు. ఆ ఏడు అడవిపందులు తోటమీద పడ్డాయి. తింటే తిన్నాయిలే అనుకోవచ్చు, ఒక్కో కాయా ఒక్క కాటు కొరికి అవతల పారెయ్యడమే! ఇంకో వారం ఆగితే కోత. ఈలోపు తీగ కూడా మిగిలేట్టు లేదు.

"ఆర్విల్, నాకు తూటాలు కట్టిపెట్టవయ్యా" అంటూ వచ్చింది. మావాడి నోట మాట రావడమే గగనం కదా, "దగ్గరుంటే నేర్పుతా" అన్నాడు. అన్నాడా, నేను పొయ్యి దగ్గర గరిటె వదిలేసి తొంగి చూశాను! పాత ఇత్తడి డొల్ల తుడవాలి, అడుగున నిప్పురవ్వ పుట్టించే కొత్త టోపీ కూర్చాలి, త్రాసులో తూచి తుపాకీమందు పొయ్యాలి, మూతికి గుండు బిగించాలి. మందు పోసేటప్పుడు పెరటి షెడ్డులో ఎవరూ మాట్లాడకూడదు, అది మావాడి శాసనం. ఓలెటా ఏమో ప్రార్థనలో కూడా పక్కవాళ్లతో గుసగుసలాడే మనిషి, పాస్టరుగారే చేతులెత్తేశారు. అలాంటిది అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కూచుంది, కళ్లు మాత్రం నవ్వుతున్నాయి.

తెల్లవారుతూనే ముగ్గురం ట్రక్కులో వెళ్లాం. నేనెందుకంటావా? పందుల కోసం కాదులే! ఓలెటా కంచె దగ్గర నిలబడి గురిపెట్టి నొక్కింది. ఢాం లేదు, ఏం లేదు. టప్... సీసా బిరడా తీసినట్టు. పంది తలెత్తి చూసి మళ్లీ పుచ్చకాయ నమలసాగింది. "ఇదేం తూటారా బాబూ!" అని ఆవిడ రెండోది ఎక్కిస్తోంది. "ఆపు! పేల్చకు! గుండు గొట్టంలోనే ఉంది!" అని కేకేస్తూ మావాడు పరిగెత్తాడు. రెండోది పేలుంటే తుపాకీ ఆవిడ ముఖంమీదే పగిలేది మరి. ఆ కేకకి బెదిరి మగపంది ఒకటి సరిగ్గా వీళ్లమీదికే వచ్చింది. ఇద్దరూ గేటెక్కారు. నాకు నవ్వాగక హారను నొక్కడానికి కూడా చెయ్యి రాలేదు. చివరికి నొక్కితే పారిపోయింది పంది.

మావాడి ముఖంలో నెత్తురుచుక్క లేదు. "నీ ప్రాణం తీసేవాణ్ణి" అన్నాడు. "మందు పొయ్యడం ఎలా మర్చిపోయావు ఆర్విల్?" అని గేటుమీదే కూచుని అడిగిందావిడ. వీడు బూట్లు చూసుకుంటూ, "నీ నోరు మూయించాను గానీ, కళ్లు మూయించలేదు" అన్నాడు. ఓలెటా మళ్లీ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది! నా కళ్లారా చూశాను.

ఇంటికొచ్చి గొట్టంలో గుండు తీసి, అన్ని తూటాలూ విప్పి మళ్లీ కట్టాడు. మర్నాడు ఓలెటా బలిసిన ఆడపందిని ఒక్క దెబ్బకే పడేసింది. మిగతా పందులన్నీ కంచెవతలికి పరార్, తోట దక్కింది. శరత్కాలంలో ఇద్దరికీ పెళ్లి. ఆ తర్వాత మందు పోసేటప్పుడు మా వదినని షెడ్డులోకి రానిస్తేనా! ఆవిడ తలుపు బయట స్టూలేసుకుని మాట్లాడుతూనే ఉండేది. తూకం అయ్యాక వీడు లోపల్నుంచి "ఊఁ" అనేవాడు. మా అన్నయ్య పోయాక కూడా వచ్చి అక్కడే కూచునేది, మాట్లాడేది. మధ్యమధ్య ఆగేది, వాడు ఊఁ అనేంత సేపూ...

ఎవరిదో ట్రక్కు వచ్చినట్టుంది, చూడు నాయనా.