తొమ్మిదో ఛానల్ అప్పగింతలు

మిషిగన్ ఉత్తరాన ఓ చిన్న ఊరు. ఈమధ్యే అమ్ముడుపోయిన తొమ్మిదో ఛానల్ కంట్రోల్ రూములో ఇద్దరే ఉన్నారు: ఇంజినీరు ఫణి, కొన్న కంపెనీ టెక్సాస్ నుంచి పంపిన స్రవంతి.

"...ఇదిగో, ఇక్కడ ఎర్రగా మారిందంటే యాడ్ ఫైలు రాలేదని అర్థం. అప్పుడేం చేస్తావు?"

"స్పేర్ యాడ్ వేస్త. పొద్దున చెప్పిన్రు కద అన్నా."

"చెప్పానా? సరే. ఏ స్పేర్ పడితే అది కాదమ్మా. ఫర్నిచర్ షాపు వాడిది వరసగా రెండుసార్లు పడిందంటే కార్ల షాపు వాడు ఫోన్ చేసి తిడతాడు. ఇద్దరూ తోడల్లుళ్ళు."

"మా హబ్‌ల అవన్నీ ఎవరూ చూడరన్నా. కంప్యూటరే ఏదో ఒకటి వేస్తది."

"వేస్తుందిలే. ఇన్ని ఊళ్ళ ఛానళ్ళు ఒక్క గదిలోంచి నడుపుతారటగా మీరు?"

"అవును. ఇంకా కొంటనే ఉన్నరు."

"కొంటారు, కొంటారు. మా ముసలాయన వాల్టర్ బతికున్నంతకాలం అమ్మనంటే అమ్మనన్నాడు. ఆయన అలా పోయాడో లేదో కొడుకు ఇలా సంతకం పెట్టేశాడు. ఫ్లోరిడాలో ఉంటాడు. ఈ ఛానల్ ఎప్పుడైనా చూశాడో లేదో కూడా అనుమానమే."

"మీరు ఎప్పట్నుంచి ఉన్నరన్నా ఇక్కడ?"

"మా అమ్మాయి హంసిక పుట్టకముందు నుంచి. ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల కంపెనీ లేఆఫ్ చేస్తే, వీసా నిలబడితే చాలు దేవుడా అని ఇటొచ్చి పడ్డాను. ఈ చలికి చచ్చిపోతామనుకున్నాం. ఇప్పుడు మా ఆవిడ దమయంతి ఇక్కణ్ణించి కదలనంటుంది. అన్నట్టు, తినలేదేం? తెలుగమ్మాయి వచ్చిందంటే పొద్దున్నే లేచి నీకోసం దొండకాయ వేపుడు చేసింది."

"తింట అన్నా. తర్వాత తింట."

"నిన్న కూడా అలాగే అన్నావు. డబ్బా అలాగే తిరిగెళ్ళింది."

"ఆకలైతలేదు. మెయిన్ ఫీడ్ పోతే బ్యాకప్ ఎక్కడ్నుంచి తీసుకుంటరు?"

"ఈ స్విచ్. స్రవంతీ, ఒకటి అడగనా?"

"అడుగుండ్రి."

"మొన్న న్యూస్ వాళ్ళందర్నీ పంపించేశారు. వాతావరణం చెప్పే నీల్‌ని కూడా. పాపం, మా ఊరివాళ్ళ అబ్బాయే, ఇక్కడే పెరిగాడు. ఇప్పుడు మీ టెక్సాస్‌లో కూర్చుని ఎవరో చెబుతున్నాడు, మా ఊరి పేరే పలకలేడు. సరే, పోనీ. నన్ను నీకు కేటీ ఇమ్మన్నారు, తెలిసిందంతా అప్పజెప్పమన్నారు. అదీ ఇస్తున్నాను. కానీ టవర్‌కి మనిషి కావాలిగా?"

"టవర్‌కా?"

"కొండ మీద ట్రాన్స్‌మిటర్ ఉందిగా. మనం ఇక్కణ్ణించి ఏం పంపినా గాల్లోకి వదిలేది అదే. దాని బాగోగులు టెక్సాస్ నుంచి ఎలా చూస్తారు? ఒక మనిషిని ఉంచాలని మీ వైస్ ప్రెసిడెంట్‌ని ఫోన్‌లో అడిగాను."

"ఏమన్నడు?"

"'వి విల్ లుక్ ఎట్ ఇట్' అన్నాడు."

"ఓ."

"ఓ అంటే?"

"ఏం లేదన్నా. బ్యాకప్ స్విచ్ ఇదేనా, దీని పక్కదా?"

"పక్కది. ఆ పోస్టు సంగతి నీకేమైనా తెలుసా?"

"నాకెవరు చెప్తరన్నా? కాంట్రాక్ట్ మనిషిని. పొమ్మన్న కాడికి పోత, నేర్చుకోమన్నది నేర్చుకుంట."

"అది కాదు. వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. యాడ్స్ అడిగావు, ఫీడ్ అడిగావు, పాస్‌వర్డులు అడిగావు. టవర్ గురించి ఒక్క ముక్క అడగలేదు."

"అడుగుత. లాస్ట్‌ల అడుగుత."

"లాస్ట్‌లో అడగమన్నారా? అంటే దానికి మనిషిని అట్టిపెట్టే ఆలోచన..."

"మీ ఫోన్ మోగుతున్నది."

"దమయంతి. ఒక్క నిమిషం. ఆ, చెప్పు. లేదు. లేదంటున్నానుగా, అది చెప్పలేదు. అడగందే ఎందుకు చెబుతాను? ఆ, తింటోంది. బావుందంది. పెట్టేయ్, పెట్టేయ్, పక్కనే ఉంది."

"ఏం చెప్పలేదన్నా?"

"ఏముంది, ఇంటి గొడవ."

"అన్నా."

"ఇంటి గొడవేనమ్మా."

"అంతా చెప్పకు, ఒకటి దాచుకో అన్నది కద వదిన?"

"నీకెలా తెలుసు?"

"అందరిండ్లల్ల అదే చెప్తరు. నేను గూడ అట్లనే చేసిన. పాత కంపెనీల మా టీమ్ మొత్తాన్ని తీసేస్తూ కేటీ ఇమ్మన్నరు. ఒక సర్వర్ సంగతి చెప్పకుండ ఉంచుకున్న. అది ఆగిపోతది, వాళ్ళే బతిమిలాడి పిలుస్తరు అనుకున్న. ఫోన్ పక్కన పెట్టుకొని పండుకునేదాన్ని."

"పిలిచారా?"

"ఒక్క ఫోన్ గూడ రాలే."

"సర్వర్ వేరమ్మా. ఈ టవర్ లేకపోతే అసలు ఛానలే లేదు."

"అయితే దాచుకోండ్రి. నాకు చెప్పకుండ్రి."

"చెప్పకపోతే నిన్ను తిట్టరూ?"

"తిట్టరు."

"ఎందుకు తిట్టరు? జనవరిలో అది ఆగిపోయి, ఎలా లేపాలో ఎవరికీ తెలీకపోతే ఎవరి మెడకి చుట్టుకుంటుంది? కేటీ తీసుకున్నదానివి నువ్వు. నీ వీసా వాళ్ళ చేతిలో ఉంది. నిన్ను పంపించేస్తే ఎక్కడికి పోతావు?"

"నా సంగతి వదిలెయ్యండ్రి అన్నా."

"ఎలా వదిలేస్తాను? మా హంసిక నీ అంతది కాకపోయినా ఆడపిల్లే. విను, చెబుతాను."

"వద్దన్నా. నిజంగ వద్దు."

"విను. ఇక్కడ వాన పడుతూనే గడ్డ కట్టేస్తుంది. టవర్ మీద యాంటెనాకి ఐసు పట్టగానే ట్రాన్స్‌మిటర్ దానంతటదే ఆగిపోతుంది. మాన్యువల్‌లో వెంటనే రీస్టార్ట్ చెయ్యమని ఉంది. చెయ్యకు. పాతది, తట్టుకోలేదు, కాలి కూర్చుంటుంది. పావు వంతు పవర్‌తో లేపు. లేపి పక్కనే కూర్చో. ఐసు కరుగుతున్నకొద్దీ కొంచెం కొంచెం పెంచు. పసిపిల్లని నిద్ర లేపినట్టు లేపాలి. తొందరపడ్డావో, అంతే సంగతులు."

"అన్నా..."

"ఎక్కడా రాసి లేదిది. వాల్టర్ నాకు చెప్పాడు, నేను నీకు చెబుతున్నాను. దమయంతికి తెలిస్తే నన్ను బతకనివ్వదు."

"ఎందుకు చెప్పిన్రన్నా మరి?"

"కొండ వెనకాల పొలాల్లో కేబుల్ లేదు, ఇంటర్నెట్ ఉన్నా లేనట్టే. డోరిస్ అని ముసలామె ఉంది, ఒక్కతే ఉంటుంది. బొమ్మ వణికితే చాలు, నాకే ఫోన్. 'రోడ్డు మూశారా, మందులు తెచ్చుకోనా వద్దా?' అంటుంది. మంచు తుఫాన్ వస్తే ఆవిడకి కబురందేది ఈ ఛానల్ ఒక్కదానిలోనే. నా ఉద్యోగం ఉన్నా ఊడినా అది ఆగకూడదు."

"మీ ఉద్యోగం పోతే ఏం చేస్తరు?"

"తెలీదు. భయంగా ఉందమ్మా, నీ దగ్గర దాచడమెందుకు. యాభై దాటేసిన వాణ్ణి, ఈ పని తప్ప ఇంకోటి రాదు, ఈ పని ఎక్కడా మిగల్లేదు. వేరే ఊరికి అప్లై చేద్దామంటే వాళ్ళనీ మీవాళ్ళే కొనేశారు. అందుకే ఆ టవర్ పోస్టు ఒక్కటి... నువ్వు వెళ్ళాక ఓ మాట చెప్పు. ఫణి ఏమీ దాచుకోలేదు, అంతా చెప్పాడు అని చెప్పు. చెబుతావా?"

"చెప్త."

"ఏమిటి, కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నావు?"

"ఏం లేదు. స్క్రీన్ చూసి చూసి మండుతున్నయి."

"అయితే రాసుకో. ఏమీ రాసుకోలేదు నువ్వు."

"గుర్తుంటది."

"అందరూ అలాగే అంటారు. రాసుకో. పావు వంతు పవర్..."

"అన్నా, టవర్ గురించి నన్ను ఒక్కటే తెలుసుకొని రమ్మన్నరు."

"అదేగా ఇందాకట్నుంచి మొత్తుకుంటున్నాను! అడుగు. ఏదడిగినా చెబుతాను."

"పక్క సిటీల మావాళ్ళకు ఇంకో స్టేషన్ ఉంది కద. శుక్రవారం నుంచి మీ ప్రోగ్రాములు, యాడ్స్ అన్నీ దాంట్లకు పోతయి."

"పోనీ, మంచిదే. కానీ దాని సిగ్నల్ కొండ దాటి ఇటు రాదుగా. మన టవర్ ఉండాల్సిందే. అందుకేగా నిన్ను ట్రాన్స్‌మిటర్ సంగతి తెలుసుకోమన్నారు?"

"అవునన్నా. మళ్ళ ఎవ్వరూ లేపకుండ ట్రాన్స్‌మిటర్‌ను ఆపెయ్యాలంటే ముందుగాల దాంట్లకెళ్ళి ఏం పీకాలె?"