కడుపునొప్పి అని రాసినవాణ్ణి

అధ్యక్షస్థానంలో ఉన్న సీఐ జయరామయ్య గారికి, ఇంత ఎండలో వచ్చిన బెళుగుప్ప పెద్దలకు, నాతో డ్యూటీలు పంచుకున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, ముందువరుసలో కూర్చుని తొందరగా ముగించమని కళ్ళతోనే ఉరుముతున్న మా ఇంటావిడ వరలక్ష్మమ్మకు నమస్కారాలు. (నవ్వులు)

నా రిటైర్మెంటు సభ అని అందరూ నన్ను నెమ్మదస్తుడని పొగిడారు గానీ, పొద్దున్నుంచి ఒక మాట చెప్పాలా వద్దా అని తిరుగుతున్నాను. పోలీస్ స్టేషన్‌ కాగితాలన్నీ రాసే రైటర్‌గా పద్నాలుగేళ్ళు ఒకే అబద్ధం రాసినవాణ్ణి, అది చెప్పకుండా ఈ శాలువా కప్పుకోలేను. మనలో ఎవరైనా ఆసుపత్రికి పోవాలంటే మెమోలో జబ్బు పేరు రాయాలి కదా. నిద్ర పట్టదన్నా, ఊరికే ఏడుపొస్తుందన్నా, మనసు బాగలేదని రాస్తే పిచ్చోడని పేరు పడుతుందని, అందరికీ కడుపునొప్పే రాసిచ్చాను. మన మెమోలు చూసినవారు బెళుగుప్ప నీళ్ళలోనే ఏదో ఉందనుకోవాలి. (నవ్వులు)

నవ్వండి, నేనూ నవ్వినవాణ్ణే, మన కానిస్టేబుల్ శ్రీరంగప్ప ఒక యాక్సిడెంటు డ్యూటీ చేసి నా దగ్గరికి వచ్చేదాకా. "కదిరప్పన్నా, కండ్లు మూస్తే ఆ యాక్సిడెంటే కనపడతాండాది, నిద్దర లేదు" అన్నాడు. కడుపునొప్పి అని రాసిచ్చినాను. డాక్టరు దాన్నే నమ్మి మాత్రలిచ్చి పంపాడు. ఆరో రోజు పామిడి బందోబస్తులో, అంత జనం మధ్య, కుప్పకూలాడు. ఉద్యోగం వదిలేశాడు. ఈనాటికీ ఇంట్లోంచి బయటికి రాడు. నేను చూడబోతే గోడవైపు తిరుగుతాడు. మేలు చేస్తున్నాననుకుని వాడికి ద్రోహం చేశాను.

ఇప్పుడు నా భయమంతా మన కానిస్టేబుల్ వీరేష్ గురించి. "దాచింది చాలన్నా, చెప్పు" అని వాడు ఒప్పుకున్నాకే ఇక్కడ వాడి పేరు చెబుతున్నాను. పోయిన సోమవారం వచ్చి, నిద్దర లేదని అచ్చం శ్రీరంగప్ప మాటలే అన్నాడు, కడుపునొప్పి అనే రాయమన్నాడు. "ఏమప్పా, నొప్పి యాడుంటే ఆడే రాద్దాం" అని ఉన్నదున్నట్టు రాసి, నెల సెలవు కోరుతూ సీఐ గారి టేబుల్ మీద పెట్టాను. నాలుగు రోజులైంది. సార్‌కు వంద పనులు, కాదనను. కానీ రేపు రైటర్ కుర్చీలో నేనుండను. కాగితం అట్లే వెనక్కి వస్తే, వీడు ఇంకెవరికీ నోరు విప్పడు.

సార్, మీ దండకు, శాలువాకు, మీ అందరి అభిమానానికి కృతజ్ఞుణ్ణి. ఆ కాగితాన్ని పొద్దున మీ టేబుల్ మీంచి చెప్పకుండా తెచ్చుకున్నాను. సర్వీసులో నేను చేసిన దొంగతనం ఇదొక్కటే. ఇదిగో కాగితం, ఇదిగో పెన్ను. నాకు వయసే ఇచ్చేసింది, వాడికి మీరే ఇవ్వాలి, సెలవు.