నాన్న సంతకం అడగని ఆర్డిత్ గారు

ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నది అయిదుగురం: నాన్న ఓర్విల్, నాన్నమ్మ, అక్క మారెన్, నేను, పిలవకుండానే తమ ఇంటి నుంచి నలభై మైళ్లు కారు నడుపుకుంటూ వచ్చిన శ్రీమతి ఆర్డిత్ షెల్‌స్టాడ్ గారు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఆర్డిత్ గారిని గురించి రాయమని వారి కార్యాలయంలో పెద్దలు చెప్పినప్పుడు, బడి వదిలాక వచ్చి ఫైళ్లు సర్దే నాకు ఆ అర్హత ఉందా అని వెనుకాడాను.

వారు 1988 ఆగస్టు 22న మా పశువైద్య కళాశాల ఆర్థిక సహాయ కార్యాలయంలో టైపిస్టుగా చేరారు. తప్పుగా నింపిన దరఖాస్తులను తిప్పి పంపకుండా, విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించేవారట. 1996లో సలహాదారుగా, 2009లో కార్యాలయాధిపతిగా బాధ్యతలు స్వీకరించినా, విద్యార్థులు ముందుగా కలిసే ముందుగది బల్లను మాత్రం ఎవరికీ వదల్లేదు.

మా అక్కకు ఈ కళాశాలలో రెండోసారి సీటు వచ్చింది. నిరుడు వచ్చినదాన్ని వదులుకుంది. తాతయ్య పశువులను బ్యాంకు వేలం వేసినప్పటి నుంచీ నాన్న ఏ అప్పు కాగితం మీదా సంతకం చేయరు, పన్ను కాగితాలు ఎవరికీ చూపరు. అవి లేనిదే ప్రభుత్వ విద్యారుణం రాదని డిగ్రీ చదివే రోజుల్లో అక్కకు చెప్పారు. అదే ఇప్పటికీ నిజమనుకున్నాం. ఈసారి శుక్రవారంలోగా జవాబివ్వాలి. నోటితో చెప్పలేక, ఒక చీటీ రాసి ఆర్డిత్ గారి బల్లమీద పెట్టి వచ్చేశాను.

ఆదివారం వారు గుమ్మంలో కనిపించగానే నాన్న ముఖం ముడుచుకున్నారు.

"నా సంతకం కోసమే అయితే కాఫీ తాగి వెళ్లండి, ఆర్డిత్ గారూ."

"నీ సంతకం ఎవరికి కావాలయ్యా?" అన్నారు వారు, కోటు విప్పుతూ. "డిగ్రీ దాటి పైచదువుకు వెళ్లేవాళ్ల దగ్గర ఈ రుణానికి తండ్రి కాగితాలు అడగరు. అప్పు పిల్లది, సంతకం పిల్లది."

నాన్నమ్మ అల్లిక పక్కన పెట్టి, "మరి వీడు ఏడాదిగా బెట్టు చేసింది ఎవరి మీదట?" అంది.

"ముందే చెప్పొచ్చుగా," అన్నారు నాన్న.

"ముందే అడగొచ్చుగా," అన్నారు ఆర్డిత్ గారు.

నాన్న కుర్చీలో వెనక్కి వాలారు. అక్క సీటు తన వల్లే పోతోందన్న బరువును ఆయన ఎంతకాలంగా మోస్తున్నారో, అది దిగినప్పుడే నాకు తెలిసింది. అక్క ఏడుస్తూనే దరఖాస్తు నింపడానికి కంప్యూటర్ తెరిచింది.

ముప్పై ఏడేళ్లుగా ఎన్ని ఇళ్లలో ఇలా బరువు దించారో వారికే లెక్క తెలియదు. వారు చల్లగా, ఆరోగ్యంగా, నిండు నూరేళ్లు ఉండాలని, ఇకపై ఆదివారాలన్నీ వారివే కావాలని మా అందరి కోరిక.

ఈ మాట ఆ రోజే చెబుదామని కాఫీ పట్టుకుని, వారు అక్కతో కూర్చున్న గదికి వెళ్లాను. "తీర్చాల్సిన మనిషి ప్రతి వాక్యం తానే చదవాలి, పక్కన ఎవరూ ఉండకూడదు," అంటూ ఆర్డిత్ గారు గది బయటికొచ్చి, నా చేతిలోని కప్పు అందుకుని, నాకు మాట పెగిలేలోపే అక్కను లోపలే వదిలి నా ముఖం ముందే తలుపు లాగేశారు.