నా పేరు, నీ నడుము

మూడుంపావు అయింది అక్కా. ఆ కొస పట్టుకో. ఇంకా నలభై దుప్పట్లున్నాయి, లాడ్జి వాళ్ళ బండి అయిదింటికల్లా వచ్చేస్తుంది. నా మీద కోపం దుప్పటి మీద చూపించకు. అలా లాగితే కుట్టు ఊడుతుంది.

నాలుగు రోజులుగా ఈ వేళయ్యేసరికి నీ చెయ్యి నడుం మీదకి పోతోంది. నేను చూడటం లేదనుకున్నావా? బెల్టు లేదు మరి. ఆసుపత్రిలో ఇచ్చేశాను. నిజం కూడా చెప్పేశాను. చెప్పకుండా ఎలా వస్తాను, నువ్వే చెప్పు!

ఈ బెల్టు పరీక్షకి అరవై అయిదు దాటినవాళ్ళు వద్దన్నది ఆసుపత్రి వాళ్ళే కదా? నీకు అరవై ఏడు, నాకు అరవై ఒకటి. చెయ్యి విరిగింది నీకు, బెల్టు వచ్చింది నాకు. ఎముకలు గుల్లబారకుండా ఆపుతుందో లేదో చూడాలట. రోజూ అరగంట కట్టుకుని నడవాలి, ఏడాదిపాటు. రెండు రోజులు కట్టుకున్నాను. నడుం మీద తుమ్మెద వాలినట్టు ఒకటే జుయ్‌మని... అబ్బ! మూడో రోజు నీకు కట్టేశాను.

"ఎవరిదో ఫోను మోగుతోంది, తియ్యండర్రా" అని మీ మరిది రోజూ ఒకటే వేళాకోళం. ఏడాది నడిచింది ఆయన జోకు. నువ్వూ నడిచావు. ఈ ఇస్త్రీ బల్ల చుట్టూ, మూడుంపావు నుంచి పావుతక్కువ నాలుగు దాకా. జ్వరం వచ్చిన అయిదు రోజులే మానావు.

మొన్న సోమవారం నన్ను పడుకోబెట్టి ఎముకల ఫోటో తీశారా, పోయినేటికంటే పలచబడ్డాయట. డాక్టరమ్మ బెల్టులో పడ్డ రోజుల లెక్క చూసింది, నా మొహం చూసింది. "మూడు వందల అరవై రోజులు కట్టుకున్నారు. మీ అంత శ్రద్ధ ఇంకెవరికీ లేదమ్మా. అయినా పనిచెయ్యలేదు" అని రాసుకోబోయింది. ఏం చెయ్యను? నా బద్ధకానికి ఆ బెల్టుకి చెడ్డపేరా? "కట్టుకున్నది నేను కాదండీ, మా తోడికోడలు" అనేశాను.

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. కలానికి మూత పెట్టి, బెల్టు తీసి సొరుగులో వేసింది.

ఇంకో మాటుంది. అది విన్నాక ఈ కొస కూడా వదిలేస్తావేమో.

నీ మీద ప్రేమతో కట్టాననుకుంటున్నావు కదూ? సొంత చెల్లెలు కూడా ఇలా చెయ్యదని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకొచ్చావు. విన్నప్పుడల్లా తల దించుకునేదాన్ని. కాదక్కా. నీ మణికట్టు విరిగిన మూడు నెలలూ ఈ దుప్పట్లు నేనొక్కదాన్నే మడిచాను. ఒక కొస గడ్డం కింద నొక్కిపెట్టి, ఇంకో కొస తలుపు గడియకి తగిలించి. మెడ పట్టేసి, ఎవరైనా పిలిస్తే మనిషినంతా తిప్పాల్సొచ్చేది. నువ్వేమో మంచం మీంచి "నెమ్మదిగా చెయ్యవే" అని సలహాలు! నువ్వు మళ్ళీ పడితే నా వల్ల కాదనే కట్టాను. నా మెడ కోసం కట్టాను నీ నడుముకి. అంతే.

ఊఁ, ఇంకాస్త దగ్గరికి రా. మూలలు కలవాలి.

ఇందాక ఫోనొచ్చింది, ఆసుపత్రి నుంచే. నా పేరు కొట్టేశారట. పోనీలే. నీ సంగతి అడిగాను. మా అక్క ఏడాదంతా నడిచింది కదండీ, ఆవిడ ఎముకలైనా చూడండి, గట్టిపడ్డాయేమో అని. చూడొచ్చట. కానీ ఏడాది కిందట నీవి ఎవరూ కొలవలేదు. చెయ్యి విరిగినప్పుడు తీసిన ఎక్స్‌రే పనికిరాదట. ఇప్పుడు కొలిచినా, పెరిగాయో తగ్గాయో ఎవరూ చెప్పలేరట.