లోకల్ గద్దలు లెక్కలోకి రావు

ఖరగ్‌పూర్‌లో, మలంచా రోడ్డు పక్కన సూసన్న ఇంటి మేడ. కాళీపూజ వెళ్ళిన వారం, పొద్దు వాలుతోంది. గూడ్సు యార్డులో వ్యాగన్లు లెక్కపెట్టి రిటైరైన ఉమాపతి సుద్దముక్కతో పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్నాడు. సూసన్న పక్కనే ఉంది. ఆవిడ అన్న కృపారావు మెట్లెక్కి వచ్చి కాసేపయింది.

"మాట మార్సకండి బాబూ. రోజూ మా సెల్లి మేడెక్కి ఏటి సేస్తన్నారు?"

"చెప్పాను కదండీ కృపారావు గారూ. డేగల్ని లెక్కపెడుతున్నాను. హిమాలయాల అవతల చలి పడగానే దక్షిణానికి బయల్దేరతాయి. కలకత్తాలో పక్షుల సంఘం వాళ్ళు లెక్క కావాలన్నారు."

"మీ ఇంటి మీద ఆకాశం లేదా?"

"ఆకాశం ఉందండీ. ఎక్కడానికి మేడ లేదు."

"అన్నియ్యా, ముందు కూకో. టీ తాగుతావా?"

"నాకొద్దు సూసన్నా. ఈయనకిచ్చినావా?"

"ఇచ్చినాను. ఒక్కసారే."

"రెండుసార్లండీ. రెండోసారి బిస్కత్తు కూడా."

"మీరూరుకోండి ఉమాపతి గారూ."

"ఇదీ సంగతి. నాను సర్చిలో సంఘ పెద్దని. ఆదివారం ఆరాధన అయినాక పక్కింటి సుజాతమ్మ అందరి ముందరా అడిగినాది, మీ సెల్లి నవ్వు మా వంటింటిదాకా వినబడతంది, ఏటి కత అని. నానేటి సెప్పాల?"

"నవ్వినానని సెప్పు. మీ బావ పోయినాక ఇన్నేళ్ళకి నవ్వినాను. అది కూడా లెక్కెట్టిందా ఆవిడ?"

"నేను నవ్వించలేదండీ. గద్దల్ని లోకల్ బండ్లన్నాను, ఆవిడ నవ్వారు."

"లోకల్ బండ్లేటి?"

"అవిగో, మాంసం కొట్ల మీద తిరుగుతున్నాయి చూడండి. అవి గద్దలు. ఇక్కడే పుట్టి ఇక్కడే తింటాయి. లోకల్ బండ్లు లెక్కలోకి రావు. దూరపు బండ్లే."

"మరా పైనున్నాది? ఒంటరిది?"

"అది డేగలాగే ఉంది. కానీ గుండ్రంగా తిరుగుతోంది, షంటింగు. మీ చర్చి గోపురం దాటి దక్షిణానికి పోతేనే గోడ మీద గీత. లేకపోతే ఒక్కదాన్నే పదిసార్లు గీసేస్తాం. యార్డులో అలా గీసినవాళ్ళున్నారు."

"ఇయ్యాల ఎన్ని దాటినాయి?"

"పొద్దుటినుంచి ఒక్కటీ దాటలేదండీ."

"ఒక్కటీ దాటకపోతే?"

"వలస అయిపోయినట్టేనండీ. ఈ ఏటికి లెక్క మూసేస్తాం."

"మూసేసినాక?"

"మెట్లు దిగి ఇంటికి పోతాను."

"మల్లీ రారు గదా?"

"పనేముంటుందండీ, రావడానికి."

"మాటేనా?"

"మాటే."

"మాటెందుకిస్తారు, ఊరికే? అన్నియ్య అడిగితే ఇచ్చేయడమేనా?"

"అడిగారు కదండీ సూసన్న గారూ."

"ఉండండుండండి. అది కదిలినాది. గోపురం వేపే పోతంది."

"నీకేల అన్నియ్యా, దాటితే?"

"ఊరికే సెప్తన్నాను. దాటుతాది... దాటుతాది... ఓరి దీని..."

"సంఘ పెద్దవి అన్నియ్యా."

"కొట్ల మీదకి దిగిపోనాదే."

"అయితే అదీ గద్దేనండీ. ఎండ కళ్ళల్లో పడి పొరబడ్డాను."

"అదిగో, అదిగో. నీళ్ళ టాంకీ పక్కనుంచి. గోపురం దాటేసినాది. గీయండి."

"ఏదండీ?"

"నల్లగా, ఎల్లిపోనాది. గీయండి ఉమాపతి గారూ."

"అది కాకండీ సూసన్న గారూ."

"డేగే."

"కాకేనండీ."

"ఒక్క గీత. గీస్తే మీ సొమ్మేటి పోనాది?"

"గీయాలనే ఉందండీ. మీకన్నా నాకే ఎక్కువుంది. మా ఆవిడ బాలాంబ పోయాక పైకి చూసే పనే లేకపోయింది నాకు. కానీ అది కాకి."

"అన్నియ్యా, నువ్వు సూసినావు గదా. సెప్పు."

"నన్నడక్కే. నాను అబద్దం ఆడలేను. అది కాకే."

"ఇద్దరూ ఒకటే. ఒక్కడికీ డేగ కనబడదు."

"పొద్దుగూకిందండీ. ఈ సుద్దముక్క ఇక్కడ పెడుతున్నాను. వస్తాను కృపారావు గారూ. టీ బాగుంటుందండీ మీ ఇంట్లో."

"ఎల్లండి... ఆగండి. ఒక్క మాట."

"చెప్పండి."

"మా సెల్లికోసం కూడా గీత గీయలేదు మీరు."

"తప్పయితే క్షమించండి."

"తప్పని అన్నానేటి? ఈ కాకులెప్పుడు ఎల్లిపోతాయి?"

"కాకులా? అవెక్కడికీ పోవండీ. ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటాయి."

"కలకత్తావోలు వాటి లెక్క అడగనేదా?"

"లేదండీ. ఎవరడుగుతారు?"

"ఎవులూ లెక్కెట్టనే లేదన్నమాట, ఖరగ్‌పూర్‌లో."

"నాకు తెలిసి లేదు."

"అయితే రేపట్నుంచి అవి లెక్కెట్టండి బాబూ. తొందరేటీ లేదు."