రాజు వెనకనున్న అమ్మోరు

పోడు తవ్వుతుంటే దొరికిన పాత కంచు బిళ్లను తెచ్చి, డుంబ్రిగుడ సంతలో చింతపండు అమ్ముతున్న పిల్లకి ఇచ్చాడు కుర్రవాడు.

"మెళ్లో కట్టుకో. మీ అయ్య నిన్ను ఆ మేకలోడికి ఇచ్చెయ్యక ముందే, నువ్వు నన్ను సేసుకుంటావని ఊరికి తెలవాల."

ఆమె బిళ్లను ఎండలో పెట్టి చూసింది.

"ఈ గెడ్డమోడెవుడు?"

"రోమా దేశం రాజంట. మిషను పంతులు సెప్పినాడు."

"నిన్ను సేసుకోడానికి ఇంకో మగోడి మొకం కట్టుకోవాలేటి?"

"ఆడు సచ్చి వెయ్యేళ్ల పైమాటే!"

"సచ్చినోడా? మరీ బాగుంది. నువ్వే ఉంచుకో."

"తిప్పి సూడవే గుంటా."

తిప్పి, బొటనవేలితో మట్టి తుడిచింది. కంకులు పట్టుకుని నిలబడిన ఆడమనిషి బొమ్మ కనబడింది.

"ఓలమ్మో, సోడి కంకులు! మన కొండ అమ్మోరే!"

"పంతులు గోధుమలన్నాడు."

"పంతులెప్పుడైనా పోడు కోసినాడేటి?"

కుర్రవాడు నవ్వలేదు. "మరి నాకేటి సెప్తావు?"

ఆమె బిళ్లను రవికెలో దాచుకుంది. మళ్లీ చింతపండు సర్దుతూ తల ఎత్తకుండానే అంది:

"ఇక్కడే నిలబడితే జీలుగు కల్లు ఎవుడు దింపుతాడు? పిల్లనడగడానికి ఉత్త సేతుల్తో వత్తే మా అయ్య గుమ్మం తొక్కనివ్వడు. బేగి ఎల్లు."