వడ్లోళ్ల కోడలు సర్దిన కొట్టం

కామాక్షి అని ఉండేదంట, వడ్లోళ్ల కోడలు, అదే, వడ్రంగం చేసేవాళ్ల ఇంటి కోడలు. మొగుడు మోక్షాచారి. వాళ్ల ఇంటిపక్కన ఒక కొట్టం, ఒకప్పుడు మామగారు ఎడ్లబండి నిలబెట్టుకునేవాడు, ఆయన పోయాక బండీ పోయింది, మోక్షాచారి అందులో పని పెట్టుకున్నాడు. పనిలో మొనగాడనుకో. చిత్రిక పట్టాడంటే తలుపుచెక్క మీద చెయ్యి జారిపోవాల్సిందే. వచ్చిన చిక్కల్లా ఏందంటే, ఆ చిత్రిక దొరకాల ముందు. రంపం కోళ్లగూటి మీద ఉండేదంట, ఉలి వంగమొక్కల్లో ఉండేదంట, సుత్తి ఏ మంచం కిందో. ఇంక బరమా, అదే, చెక్కకి బెజ్జం వేసేది, దాని సంగతి దేవుడికే ఎరుక. పొద్దున పని మొదలుపెడతానని లేచినోడు సామాను వెతుక్కునేసరికి అన్నాల వేళ అయ్యేది. పనిచ్చినోళ్లు అరుగు మీద కూర్చుని కూర్చుని, మళ్లీ వస్తాంలే ఆచారీ అని లేచిపోయేవాళ్లు. మళ్లీ వచ్చేవాళ్లా? మీరే చెప్పండి.

ఏమైందంటే, ఈ మోక్షాచారికి ఒక అన్న, నాగలింగం. ఆయన కులపని మానేసి సేద్యంలో దిగాడు, బాగానే కలిసొచ్చింది, ట్రాక్టరు కొందామనుకున్నాడు. కొంటే నిలబెట్టాల గదా. తల్లి ఆదెమ్మ దగ్గరికొచ్చి, అమ్మా, ఆ కొట్టం నాకిప్పించు, వాడు పనిచేసేది ఎప్పుడు, వెతుక్కునేదేగా రోజంతా, తుక్కు పోసుకోడానికి అంత కొట్టమెందుకు అన్నాడంట. ఆదెమ్మ గట్టి మనిషి. ఇద్దరూ నా కొడుకులే గదా అని ఆలోచించి, సరే, ఈ వానలకి విత్తనాలు పడేదాకా చూస్తా, అప్పటికి అది పనిచేసే చోటు లాగుంటే తమ్ముడిది, ఇట్టాగే ఉంటే నీ ట్రాక్టరుది అని చెప్పేసింది. కామాక్షి తలుపెనక నిలబడి వింటంది. బావగారి ముందుకొచ్చి మాట్టాడే అలవాటు లేదు గదా ఆ ఇళ్లల్లో, గొంతు కూడా వినపడగూడదు. ఆమెకి తెలుసు. కొట్టం పోతే ఏముంది, మొగుడు పేటలో కోతమిల్లుకి కూలికి పోవాల్సిందే. అంత పనోడు, ఒకరి కింద మొద్దులు మోసుకుంటా బతకాల. ఆయనకి చెబితే, అన్న ఊరికే అన్నాడులేవే అని గుర్రుపెట్టి నిద్రపోయాడంట! ఏం చేస్తాం, కొందరంతే.

తెల్లారి కొంగు నడుముకి బిగించి తనే దిగింది. ఊడ్చింది, అలికింది, ఇల్లంతా గాలించి సామానంతా ఒకచోటికి చేర్చింది. చేర్చి ఎట్టా సర్దిందంటే, వంటింట్లో పప్పులొక పక్క, పిండ్లొక పక్క పెట్టుకుంటాం చూడు, అట్టా. ఉలులన్నీ ఒక బుట్టలో, రంపాలన్నీ ఒక మూల, బరమాలన్నీ ఇంకో మూల. చూసిన ప్రతి ఒక్కరూ అబ్బ ఎంత ముచ్చటగా ఉందో అన్నారు. మోక్షాచారి పనికి కూర్చున్నాడు. ఉలి కోసం ఈ మూలకి లేచాడు, బరమా కోసం ఆ మూలకి లేచాడు, రంపం కోసం ఇంకో మూలకి. లేచీ కూర్చుని, లేచీ కూర్చుని నడుము పట్టేసింది. నీ సర్దుడు తగలెయ్య, ఇంతకుముందే నయం, కనీసం ఒకచోట కూర్చుని తిట్టుకునేవాణ్ణి అన్నాడంట. నవ్వమాకండి, ఆమె ఏడ్చింది పాపం. వానలు చూస్తే ఇయ్యాలో రేపో అన్నట్టున్నాయి.

ఏడ్చుకుంటానే పొయ్యి దగ్గరికి పోయి పప్పుకి తిరగమోత వేస్తంది. నూనె కాగింది, పోపుల డబ్బా మూత తీసింది, చెయ్యి ఆగిపోయిందంట అక్కడే. ఆవాలూ జీలకర్రా మినప్పప్పూ మెంతులూ ఎండుమిరపకాయలూ, ఒకదానికొకటి ఏం సంబంధం? ఏమీ లేదు. అయినా ఒక్క డబ్బాలో ఉన్నాయి. ఎందుకున్నాయి? ఒక్క పనికి, ఒక్కసారే కావాల గనక. నూనె కాగాక ఆవాలకి ఒక గదికి, మెంతులకి ఒక గదికి పరిగెత్తితే ఉంటదా తిరగమోత, మాడి బొగ్గవదూ! అంతే, పొయ్యి మీద నుంచి మూకుడు దించేసి ఒక్క గంతులో కొట్టంలోకి పోయింది.

పోయి మొగుణ్ణి కూర్చోబెట్టి అడిగిందంట, తలుపు చెయ్యాలంటే నీ చెయ్యి ముందు దేనికి పోయిద్ది, తరవాత దేనికి పోయిద్ది అని. ఆయన చెబుతంటే ఆ సామానంతా ఒక చెక్కతట్టలో వేసింది. అది తలుపుల తట్ట. చక్రం పనికేమేం కావాల? అది చక్రాల తట్ట. విత్తనాలేసే గొర్రు బాగుచెయ్యాలంటే? చెక్క చెక్కే బాడిశా, బరమా, ఉలీ, దాంతోపాటు తుమ్మచెక్కతో ముందే చెక్కిపెట్టిన గొర్రు పళ్లు నాలుగూ, అది గొర్రుతట్ట. ఏ పనికైనా కావాల్సినవి, సుత్తీ, రంపం, మూలమట్టం, మధ్యగుంజకి మేకులు కొట్టి చెయ్యి చాపితే అందేట్టు తగిలించింది. ఇంకో షరతు కూడా పెట్టింది. పని అయ్యాక సామాను దాని చోటికి చేరందే కంచం దగ్గరికి రావద్దంది. మొదట్లో గొణిగాడు గానీ, ఆకలి ముందు ఏ మగాడు నిలబడతాడు? అలవాటు పడిపోయాడు.

వాన పడింది. ఊరంతా చేలల్లోనే ఉంది. జొన్న విత్తనం, ఎండ చూస్తే మండిపోతంది, నేలలో పదును, అదే, తడి, సాయంత్రం దాకా కూడా ఆగేట్టు లేదు. అప్పుడు విరిగింది గొర్రు పన్ను. ఎవరిదనుకున్నారు? నాగలింగానిదే! మోసుకుంటా పరిగెత్తుకొచ్చాడు తమ్ముడి దగ్గరికి. వచ్చాడే గానీ ఆయన అవస్థ చూడాల. పని తొందరగా అయితే కొట్టం పోయిద్ది, తొందరగా అవకపోతే చేను పోయిద్ది. ఏ దేవుడికి ఏమని మొక్కుకోవాలో తెలవక అరుగు మీద కూర్చుని చెమటలు తుడుచుకుంటన్నాడంట. ఆదెమ్మ నులకమంచం వాకిట్లోకి లాక్కుని మధ్యలో కూర్చుంది.

మోక్షాచారి గొర్రు చూశాడు, చెయ్యి చాపాడు, తట్ట చేతికొచ్చింది. విరిగిన ముక్క ఊడగొట్టాడు, బెజ్జం బాగుచేశాడు, తుమ్మ పన్ను పెట్టి బాడిశతో రెండేట్లు వేసి సరిచూశాడు, గుంజ మీది సుత్తి అందుకుని సీల దిగగొట్టాడు. కూర్చున్నోడు కూర్చున్న చోటి నుంచి లేస్తే ఒట్టు. నాగలింగానికి మంచినీళ్లు తెచ్చారు, ఆ చెంబు ఆయన ఇంకా నోటి దగ్గర పెట్టుకునే ఉన్నాడు, గొర్రు ఎదర నిలబడింది. తెల్లబోయి చూశాడంట. తమ్ముణ్ణి చూశాడు, కొట్టం చూశాడు, గుంజ చూశాడు, వరసగా తట్టలు చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, గొర్రు భుజానికెత్తుకుని కూడా కదలకుండా నిలబడి, ఒరే, నీకింత బుద్ధి ఎప్పుడొచ్చిందిరా అన్నాడు.

"నాకెక్కడిదన్నా. చెయ్యి నాది, బుద్ధి మీ మరదలిది."

ఆదెమ్మ మంచం మీద నుంచి లేచింది. తలుపెనక నిలబడ్డ కోడల్ని చెయ్యి పట్టుకుని నలుగురి ముందుకీ లాక్కొచ్చింది. కామాక్షి సిగ్గుతో తలెత్తలేదంట గానీ కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి, ఈసారి సంతోషంతో.

"ఈ కొట్టం నీదీ కాదు, వాడిదీ కాదు. ఇయ్యాల్టి నుంచి నా కోడలిది. ట్రాక్టరు పెట్టాలన్నా, సుత్తి తియ్యాలన్నా దాన్నే అడగండి."

నాగలింగం ఆగితే గదా, పదును ఆరిపోతంటే! గొర్రుతో చేలోకి పరిగెత్తాడు. విత్తనం పడింది, జొన్న నిలువెత్తు పెరిగింది, ట్రాక్టరూ వచ్చింది, దాని మానాన అది ఇంటి ముందర రేకుల కింద నిలబడింది. చుట్టుపక్కల ఊళ్ల పనంతా కొట్టానికే వచ్చి పడింది. ఇప్పటికీ దాన్ని కామాక్షమ్మ కొట్టమనే అంటారంట, ఆచారి కొట్టమని ఎవరూ అనరు. ఇల్లు కట్టినోళ్ల పేర్లు చెప్పుకోడం చానా విన్నా గానీ, సర్దినోళ్ల పేరు చెప్పుకోడం ఆ ఒక్కచోటే విన్నా నేను. సరే, లేవండిక, బర్రెలు అరుస్తన్నాయి. పోయేటప్పుడు ఎవరు తెచ్చుకున్న పీట వాళ్లు దాని చోట్లో పెట్టిపోండి.